వందన కూలబడిన చోటు

వందన ఆ రోజు వేసుకున్న ఏర్పాటులో నవ్వుకు చోటు లేదు. పొద్దున్నే మాత్ర, సూర్యాపేటలో ఏడింటి బస్సు, గరిడేపల్లిలో మామగారి బోరు పని చూడటం, పదింటికి అత్తగారింట్లో ఇరవై నిమిషాల నిద్ర, ఆపైన మిర్యాలగూడ డాక్టరు. ఆమెకున్నది నార్కోలెప్సీ. వేళకు కునుకు తీస్తే ఆ జబ్బు మర్యాదగానే ఉంటుంది. కునుకు తప్పిన రోజు గట్టిగా నవ్విందా, మోకాళ్ళు జారిపోతాయి. ఒళ్ళు కదలదు, నోరు పెగలదు. చెవులు మాత్రం పనిచేస్తాయి. అత్తగారు యాదమ్మ ఆరేళ్ళుగా దాన్ని "మొద్దు నిద్ర" అనే అంటోంది.

నీళ్ళ జాడ చెప్పే కాటయ్య కోదాడ నుంచి తొమ్మిదింటికి రావాలి. పదిన్నర దాటింది. "గిప్పుడే వస్తడు, ఆగు బిడ్డా" అంటూ మామగారు ఉప్పలయ్య ఆమెను మెట్ట చెలకలోనే నిలబెట్టాడు. పాపం, రెండు బోర్లు ఎండిపోయాయి. ఇది మూడోది, ఆఖరుది. ఇదీ పోతే పక్కన పొట్టకొచ్చిన వరి పశువుల పాలే.

కాటయ్య రానే వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టాడు. నీళ్ళున్న చోట అది లేచి నిలబడుతుందట. "చెప్పులు ఇడువుండ్రి. ఎవ్వలు నవ్వొద్దు. నవ్వితే గంగమ్మ సిగ్గువడి లోపలికి పోతది" అని హుకుం జారీ చేసి, కళ్ళు మూసుకుని నాలుగడుగులు వేసి, ఎండిన పిల్లకాలువలో బోర్లా పడ్డాడు. కొబ్బరికాయ మాత్రం చేతిలో భద్రంగా పైకే ఉంది.

వందన ఆపుకోలేకపోయింది. నవ్వింది, కూలబడింది. కాటయ్య కాలువలోంచి ఉరికొచ్చి ఆమె మీదికి వంగాడు. చేతిలో కాయ నిలువునా లేచింది.

"లేపకుండ్రి!" పూజ సామానుతో చెలకకొచ్చిన యాదమ్మ చేతులు జోడించింది. "నా కోడలితోని గంగమ్మ జాడ సూపిచ్చింది!"

'జాడ కాదత్తమ్మా, జబ్బు' అందామని వందన విశ్వప్రయత్నం చేసింది. పెదవి కదలలేదు. మీద పసుపు పడింది, కుంకుమ పడింది. ఎవరో ఆమె చుట్టూ ముగ్గుపిండితో గీత కూడా గీశారు.

రెండు నిమిషాలకు నోరొచ్చింది. "మామా, నాకు పదింటి నిద్ర తప్పింది, గంతే! గీడ బోరెయ్యకుండ్రి."

"జబ్బయితే గింత మంచిగ తూర్పుకు తలవెట్టి పడ్తవా బిడ్డా?"

దానికి వైద్యశాస్త్రంలోనూ జవాబు లేదు.

పొద్దుటి నుంచీ గట్టున కాచుకున్న బోరు బండి అక్కడే మొదలైంది. నూటయాభై అడుగులు, దుమ్ము. రెండు వందలు, దుమ్మే. తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉప్పలయ్య నేలనే చూస్తున్నాడు. తన నవ్వుకు ఒక పంట బలైపోతుందా అని వందన ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంది.

రెండు వందల ముప్పై దగ్గర బురద చిమ్మింది. ఆ వెంటనే మండుటెండలో తాటిచెట్టంత ఎత్తున తెల్లటి నీళ్ళు! ఉప్పలయ్య దోసిలి పట్టి, తాగడం మరిచి నిలబడ్డాడు. కొబ్బరికాయనూ గంగమ్మనూ నమ్మని వందన చేతులు వాటంతటవే దండం పెట్టాయి. తడుస్తూ, తలెత్తి, అంత ఎత్తునా చూసింది.

పట్టరాని సంతోషం కూడా నవ్వులాంటిదేనని డాక్టరు చెప్పనే చెప్పాడు. బోరుకు పదడుగుల అవతల మళ్ళీ కూలబడింది.

బండి డ్రైవరు మిషను ఆపి, వినయంగా అడిగాడు: "పెద్దాయనా, గీడ గూడ ఒకటి ఎయ్యాల్నా?"

డాక్టరు ఆరేళ్ళుగా చెప్పి ఒప్పించలేని ఇరవై నిమిషాల నిద్రకు ఇప్పుడు యాదమ్మే కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటోంది. కాకపోతే, వందన వచ్చినప్పుడల్లా మంచం చెలకలో కొత్త మూలన వేయిస్తోంది.