జెట్టీ దగ్గర రేజ్ ఇవ్వరాదు

నిదానంగా చేస్తే చెడిపోయే పని ఈ భూమి మీద ఏదీ లేదని జలవిహార నిదాన మండలి గట్టి నమ్మకం. (మండలి ఆఫీసుకు ఒక్కసారి వెళ్లొచ్చినవారు ఈ మాటను ఇట్టే నమ్ముతారు.) ఆ నమ్మకంతోనే వర్ధన్నపేట దారిలోని ఒక చెరువులోకి జెట్ బోటును దింపింది.

జెట్ బోటుకు క్రమశిక్షణ తక్కువ. దానికి చుక్కాని ఉండదు. వెనక నుంచి చిమ్మే నీళ్లే దాన్ని తిప్పుతాయి. రేజ్ ఇస్తే, అంటే ఇంజను వేగం పెంచితే, చెప్పినట్టు వింటుంది. వదిలేస్తే స్టీరింగు ఎంత తిప్పినా తన దారిన తాను పోతుంది. పోనీ న్యూట్రల్‌లో పెడదామా అంటే అక్కడా కుదురుగా నిలబడదు, మెల్లగా పాకుతూనే ఉంటుంది.

దీనికి డ్రైవరుగా ఎల్లస్వామిని తాత్కాలికంగా తీసుకున్నారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య ఆటో తిప్పిన మనిషి. అడ్డం ఏదొచ్చినా చెయ్యి దానంతటదే రేజ్ వదిలేస్తుంది. అందుకని మొదట్లో బోటు రోజూ తుంగలోకి దూరేది. నేర్పడానికి బోటు కంపెనీ పంపిన విన్సెంట్ మాత్రం ఓపికమంతుడు.

"అన్నా, భయమైతే చెయ్యి తియ్యొద్దు. జరంత రేజ్ ఇయ్యి, తిప్పు, మళ్ల తగ్గియ్యి. రివర్స్ గూడ ముందుగాలనే ఎయ్యాలె."

"ఎదురుంగ గట్టు కనవడ్తాంటె రేజ్ ఎట్ల ఇయ్యాలె తమ్మీ? పానం ఒప్పుతలేదు."

"పానం ఒప్పకున్నా చెయ్యి ఒప్పాలె."

మెల్లమెల్లగా చెయ్యి ఒప్పింది. బోటు వచ్చి ఒడ్డున జనం ఎక్కి దిగే జెట్టీకి ఎంత మెత్తగా ఆనేదంటే, జెట్టీ మీద బజ్జీలు వేసే ఎల్లస్వామి మేనత్త సమ్మమ్మ మూకుట్లో నూనె కూడా కదిలేది కాదు. ఇక మిగిలింది మండలి పరీక్ష. పాసైతే కొలువు పర్మినెంటు. తప్పితే మళ్లీ ఆటో. ఆ ఆటోను ఎల్లస్వామి అప్పటికే అమ్మేశాడు.

పరీక్షకు నిదానాధికారి ఓంప్రకాశ్ గారు, లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ తొడుక్కుని, స్వయంగా బోటెక్కారు. మండలి నిబంధన ఒక్కటే: 'జెట్టీ కనిపించిన వెంటనే రేజ్ పూర్తిగా వదలవలెను.' (ఇది రాసేనాటికి మండలికి బోటు లేదు. బోటును చూసి రాస్తే నిష్పక్షపాతంగా ఉండదని పెద్దల అభిప్రాయం.)

జెట్టీ కనిపించింది.

"రేజ్ వదులు!" అన్నారు ఓంప్రకాశ్ గారు.

"వదిల్తె తిరగది సార్. గుద్దుతది."

"నీకు కొలువు కావాల్నా, వద్దా?"

ఎల్లస్వామి వదిలాడు. స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టుకున్నాడు. బోటు ఏమాత్రం తొందరపడకుండా, నిబంధన ప్రకారం వెళ్లి జెట్టీని గుద్దింది. అధికారి బోర్లా పడ్డారు. సమ్మమ్మ శనగపిండి గిన్నె చెరువులో పడింది.

"ఓరి దేవుడో! కొలువు పాయె గదరా అల్లుడా!" అని నెత్తి బాదుకుంది ఆమె.

పోలేదు. మండలి నివేదిక ఇలా ఉంది: 'డ్రైవరు రేజ్ వదిలిన తీరు నిర్దుష్టం. బోటు వచ్చే దారిలో జెట్టీ నిలబడి ఉండటమే అభ్యంతరకరం.' ఎల్లస్వామిని పర్మినెంటు చేశారు. జెట్టీకి నోటీసు అంటించారు.

మర్నాడు బోటు నిండా చంటిపిల్లల తల్లులు. వాళ్లను తీసుకెళ్లి గుద్దడానికి ఎల్లస్వామికి మనసు రాలేదు. అటూ ఇటూ చూసి, జరంత రేజ్ ఇచ్చి, తిప్పి, మెత్తగా ఆనించాడు. ఒళ్లోని పిల్లలు నిద్ర కూడా లేవలేదు. దిగుతూ తల్లులు దండం పెట్టారు.

సాయంత్రానికి మెమో వచ్చింది. జెట్టీ దగ్గర రేజ్ ఇచ్చినందుకు కొలువులోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమన్నారు. ఎల్లస్వామి ఒక్క వాక్యం సంజాయిషీ రాసిచ్చాడు. మండలి తృప్తిపడి ఆమోదించింది.

'ఇకమీదట నిబంధన ప్రకారమే గుద్దుతాను.'