నాలుగో నంబరు ఇంటి ప్రధాన ద్వారం

"ఈ దేశపు నేల ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గదు" అని తీర స్థైర్య శాఖ మంత్రి సర్ ఆల్జర్నన్ బ్రూమ్‌ఫీల్డ్ గారు జనవరి ఇరవయ్యో తేదీన స్కెల్‌విక్ గ్రామంలో, కొండచరియ అంచున నిలబడి ప్రకటించారు. ప్రకటన సాగినంతసేపూ అంగరక్షకుడు ఆయన కోటును వెనకనుంచి గట్టిగా పట్టుకునే ఉన్నాడు. అయినా గాంభీర్యానికి ఎక్కడా లోటు రాలేదు. అవే మాటలు చెక్కిన నల్లరాతి ఫలకాన్ని మంత్రిగారు అక్కడికక్కడే ఆవిష్కరించారు. ఫలకానికి ఆవల, పాతిక మీటర్ల దిగువన, ఉత్తర సముద్రం తన పని తాను చేసుకుపోతోంది.

చప్పట్లు కొట్టినవారిలో ఊరి గుమాస్తా సిలాస్ గార్‌బట్ ఒకడు. స్కెల్‌విక్ బంకమట్టి చరియ మీద వెలసిన ఊరు. ఏటా కొంత భాగాన్ని సముద్రానికి సమర్పించుకుంటూ ఉంటుంది. సీ వ్యూ వీధిలో ఇళ్ల నంబర్లు నాలుగుతో మొదలవుతాయి. ఒకటి, రెండు, మూడు ఏమయ్యాయని ఊళ్లో ఎవరూ అడగరు. ఏటా ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండుగ నాడు, సిలాస్ ఊరి ఇనుప గొలుసును భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్లి అంచు ఎంత దూరంలో ఉందో కొలుస్తాడు. ఇంటివారు గడప మీద నిలబడి గొలుసు కొస పట్టుకోవాలి. గడప మీద మనిషి లేని కొలత చెల్లదు. కొలత అయ్యాక టీ, అల్లం కేకు. ఇరవయ్యారేళ్లలో సిలాస్ ఒక్క తప్పుడు అంకె కూడా రాయలేదు. అతనికున్న గర్వమల్లా అదే.

పూర్వం ఆ అంకె చర్చి పలక మీదికి ఎక్కి ఊరుకునేది. ఇటీవల ప్రభుత్వం దానికి విలువ కల్పించింది. అంచు తొమ్మిది మీటర్ల లోపుకు వచ్చిన ఇంటివారికి ఊరి వెనక, బార్లీ పొలాల పక్కన, కొత్త ఇల్లు ఇస్తారు. నాలుగో నంబరు ఇంట్లో ఆరు కోళ్లతో ఒంటరిగా ఉంటున్న హెస్టర్ ఓల్డ్‌రాయిడ్ ఆ ఇంటి కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. నిరుడు ఆమె అంకె తొమ్మిది మీటర్ల నలభై. ఈ ఫిబ్రవరి రెండున ఆమె పెరటి గడప మీద నిలబడింది. సిలాస్ అంచు దాకా వెళ్లి, వంగి చూసి, అరిచాడు.

"ఎనిమిది డెబ్బై!"

"సరిగ్గా చూశావా?"

"నా గొలుసు అబద్ధం చెప్పదు హెస్టర్."

"నలభై ఏళ్లుగా ఎరుగుదును నిన్ను. నీ నోట ఒక మంచిమాట వినడం ఇదే మొదలు. రా, కేకు తిందువుగాని."

తొమ్మిదో తేదీన శాఖ తరఫున మిస్టర్ జాస్పర్ పిమ్ వచ్చాడు. మెరిసే బూట్లు, మెడలో మూడు గుర్తింపు కార్డులు. అంకె చూసి నొచ్చుకున్నాడు.

"ఒక్క అంగుళం కూడా తగ్గదని మంత్రిగారు ప్రకటించి ఇంకా మూడు వారాలు కాలేదు. మీరు ఏకంగా డెబ్బై సెంటీమీటర్లు తగ్గించారు."

"నేను తగ్గించలేదండీ, సముద్రం తగ్గించింది" అన్నాడు సిలాస్.

"మీరు ఏ తలుపు నుంచి కొలిచారు?"

"పెరటి తలుపు నుంచి. అంచు అటే ఉంది."

పిమ్ ముఖం వికసించింది. నియమావళి తెరిచి, ఒక పేరా మీద వేలు పెట్టాడు. "ప్రధాన ద్వారం నుంచి అంచు వరకు, మనిషి నడవదగిన దారిలో." హెస్టర్ ఇంటి ప్రధాన ద్వారం వీధివైపు ఉంది. నీలం రంగు, మీద ఇత్తడి నాలుగు అంకె, దాని కింద ఉత్తరాలు వేసే ఇత్తడి చీలిక. పిమ్ ఆమెను ఆ గడప మీద నిలబెట్టి, సిలాస్ చేత గొలుసును కోళ్లగూడు చుట్టూ తిప్పించి, ఇంటి మూల దాటించి, అంచు దాకా లాగించాడు. పదిహేడు మీటర్ల ఇరవై.

"చూశారా? నష్టం ఎక్కడుంది? దాదాపు రెండింతల వృద్ధి."

హెస్టర్ అతని వంక తీరిగ్గా చూసింది. "బాబూ, నేను సముద్రంలో పడేనాడు ముందు వీధి తలుపు తీసుకుని, కోళ్లగూడు చుట్టూ నడిచి వెళ్లి పడతానంటావా?"

"నియమావళి అలాగే భావిస్తోంది మేడమ్."

అతను వెళ్లిన మర్నాడు హెస్టర్ స్క్రూడ్రైవర్ తీసుకుంది. సిలాస్ తలుపు మోశాడు. సాయంత్రానికి నీలం తలుపు చట్రంతో సహా పెరటివైపుకు, పెరటి తలుపు వీధివైపుకు మారాయి. ఇత్తడి నాలుగును హెస్టర్ చింతపండుతో కాకపోయినా వెనిగర్‌తో తళతళలాడేలా తోమింది.

"మరి పోస్ట్‌మ్యాన్ ఎలా వస్తాడు?" అని అడిగాడు సిలాస్.

"నడుముకు తాడు కట్టుకుని వస్తాడు. ప్రభుత్వ ఉద్యోగం కదా, ఆ మాత్రం తెగింపు ఉండాలి."

అంచు ఈలోగా ఇంకాస్త విరిగింది. మళ్లీ కొలిస్తే ఎనిమిది మీటర్ల పది. పిమ్ మళ్లీ వచ్చి, తలుపును కిందికీ మీదికీ చూసి, ఆమె శ్రమను మనసారా మెచ్చుకుని, సంచిలోంచి ఒక ఫారం తీశాడు.

"ప్రధాన ద్వారం మార్చడానికి అనుమతి కావాలి మేడమ్. పద్నాలుగు వారాలు పడుతుంది. అందాకా చట్టం దృష్టిలో మీ తలుపు వీధివైపే ఉన్నట్టు."

"నా తలుపుకు అనుమతి కావాలి, సరే. మరి ఆ చరియ ఎవరి అనుమతితో కూలుతోంది?"

"కూలడం వేరే శాఖ మేడమ్."

హెస్టర్ ఫారం నింపింది. మార్చిలో వానలు కురిశాయి. ఏప్రిల్‌లో పెరటి గులాబీ పొద కనిపించకుండా పోయింది. సిలాస్ పోరు పడలేక ఆమె కోళ్లను చంకనెత్తుకుని ప్రార్థనా మందిరపు హాలుకు మారింది. కోళ్లు బల్లల మీద వరసగా కూర్చుని, ఆదివారాలు ప్రసంగం వినసాగాయి. పద్నాలుగో వారం, మంగళవారం, టీ వేళకు నాలుగో నంబరు ఇల్లు చరియతో సహా నిదానంగా కిందికి దిగిపోయింది. మంత్రిగారి ఫలకం దాని వెంటే వెళ్లింది.

బుధవారం పొద్దున పిమ్ అనుమతి పత్రంతో వచ్చాడు.

"అభినందనలు మేడమ్! మీ తలుపు మార్పు ఆమోదం పొందింది."

అంచు దగ్గర సిలాస్ పక్కన నిలబడి ఉన్న హెస్టర్ కిందికి చూపించింది. ఇల్లు ముక్కలై బంకమట్టిలో కలిసిపోయింది. నీలం తలుపు మాత్రం చట్రంతో సహా తీరపు ఇసుకలో నిటారుగా కూరుకుపోయి ఉంది. ఇత్తడి నాలుగు ఎండకు మెరుస్తోంది.

"ఇల్లే లేదు కదా బాబూ."

పిమ్ పేరా మరోసారి చదువుకున్నాడు. "ఇందులో ఇల్లు అన్న మాట లేదు మేడమ్. ప్రధాన ద్వారం, అంచు. రెండూ ఉన్నాయి. తిన్నగా నడిచే దారి లేనిచోట నిలువునా కొలవవచ్చని కింద రాసి ఉంది. కొలుద్దాం."

ఆమెను కాపాడే దారి దొరికిందనుకుని సిలాస్ గొంతు సవరించుకున్నాడు. "కుదరదండీ. గడప కావాలి. గడప మీద మనిషి లేని కొలత మా ఊళ్లో చెల్లదు."

స్థానిక ఆచారాల పట్ల పిమ్‌కు అపారమైన గౌరవం. రేవు మెట్ల మీదుగా అందరినీ తీరానికి దింపి, కాసేపు వెతికి, ఇసుకలో వెల్లకిలా పడి ఉన్న నల్లరాతి ఫలకాన్ని తానే స్వయంగా ఈడ్చి తలుపు ముందు పెట్టాడు. మెరిసే బూట్లు పాడైనా లెక్కచేయలేదు.

"ఇదిగో గడప. నిలబడండి మేడమ్."

హెస్టర్ 'ఒక్క అంగుళం' అన్న అక్షరాల మీద నిలబడి గొలుసు కొస పట్టుకుంది. "కొలువు సిలాస్. నీ గొలుసు ఏం చెబుతుందో విందాం."

గొలుసు చాలలేదు. ఆమె బట్టలు ఆరేసుకునే తాడునే దానికి ముడివేశారు. సిలాస్ మెట్లెక్కి అంచుకు వెళ్లి, తాడు పైకి లాగి, మూడుసార్లు సరిచూశాడు. అంకె మారలేదు. అంచు నుంచే కిందికి అరిచాడు.

"ఇరవై ఏడు."

"తొమ్మిది కన్నా ఎక్కువ" అని పిమ్ కొత్త ఇంటి దరఖాస్తు మీద తిరస్కరణ ముద్ర వేశాడు. "మీకు ఏ ప్రమాదమూ లేదు మేడమ్. ఇక నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు."

సిలాస్ ఆ అంకెను చర్చి పలక మీద రాశాడు. అందులో తప్పేమీ లేదు. అందుకే సుద్ద రెండుసార్లు విరిగింది.

ఆ తర్వాతి వారం మంత్రిగారు చట్టసభలో లేచి నిలబడ్డారు. "ఒక్క అంగుళం కూడా తగ్గం అన్నాం. స్కెల్‌విక్‌లో ఏడాది తిరక్కుండానే పద్దెనిమిది మీటర్లు ముందుకు వెళ్లాం!" అన్నారు. బల్లలు మోగాయి. దేశంలోకెల్లా అత్యంత సురక్షితమైన ఇంటి యజమానురాలిగా హెస్టర్‌ను అభినందిస్తూ ఆయన స్వయంగా సంతకం చేసిన ఉత్తరం బయలుదేరింది.

శుక్రవారం పోస్ట్‌మ్యాన్ దాన్ని పట్టుకుని ప్రార్థనా మందిరం ముందు నుంచే వెళ్లాడు. మెట్ల మీద కోళ్లకు గింజలు చల్లుతున్న హెస్టర్ పిలిచింది.

"నాకేమైనా ఉందా?"

"ఉంది. కానీ నీ చేతికివ్వడానికి లేదు హెస్టర్. నాలుగో నంబరు ఇంటికి అని ఉంది."

"అలాగైతే త్వరగా వెళ్లు నాయనా. పోటు వస్తోంది."

అతను రేవు మెట్లు దిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నీళ్లలో నడిచి వెళ్లి, నీలం తలుపు ముందు ఒక క్షణం ఆగి, అలవాటు కొద్దీ రెండుసార్లు తట్టాడు. ఆ తర్వాత ఉత్తరాన్ని ఇత్తడి చీలికలోంచి లోపలికి వేశాడు. అవతలివైపు అల దాన్ని అందుకుంది.