అతుకు కనబడని చీర

శుక్రవారం ఉదయం నమ్రతకు ఉన్న పని చిన్నదే. బాగేపల్లి బస్టాండు ఎదుట ఉన్న మామగారి బట్టల అంగడికి తాను కట్టిన వెబ్‌సైట్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఒకటి మార్చాలి. కాఫీ చల్లారేలోపు అయిపోతుందనుకుంది, పాపం. మామగారు గురురాజకు తెలుపు నచ్చలేదు, పెళ్లిచీరల వెనక తెలుపేమిటన్నాడు. ఇటుకగోడ చూపిస్తే గోడౌనన్నాడు. చుక్కలు చూపిస్తే అమ్మవారు పోసినట్టుందన్నాడు. విసుగెత్తి ఆమె అంగడిలోకెల్లా మేలైన పట్టుచీరను ఫోటో తీసి, అందులో జానెడు ముక్కను పలకలు పరిచినట్టు తెరంతా పరిచింది.

గురురాజకు ఆనందం ఆగలేదు. కళ్లజోడు వెతుక్కోకముందే లింకును మండికల్ ఊరి సుబ్బలక్ష్మమ్మకు పంపేశాడు. కూతురి పెళ్లికి ఆమె చుట్టాలందరికీ చీరలు కొనాలి. ఇక్కడ కొనాలో, చింతామణి టౌనుకు పోయి కొనాలో ఆ రోజే తేలుస్తానంది. ఆ బేరం తప్పిపోతే గురురాజకు ఈ పెళ్లిళ్ల సీజనే తప్పిపోయినట్టు.

కళ్లజోడు దొరికాక ఆయన తెర చూశాడు. నలభై ఏళ్లుగా తానులు విప్పి చూసిన కన్ను అది. ముక్కా ముక్కా కలిసేచోట గీత కనబడింది.

"ఏమ్మా, అతుకులేసిన చీరలు అమ్ముతాండామని మనమే చాటుకుంటాండామా?"

అది చీర కాదు, బ్యాక్‌గ్రౌండని నమ్రత చెప్పి చూసింది. అంతలో సుబ్బలక్ష్మమ్మ ఫోను రానే వచ్చింది. పెళ్లికి అతుకుల చీరలు పెట్టే గతి తమకు పట్టలేదంది.

అంగడి పరువు కోసం గురురాజ చీరలన్నీ అరుగు మీదికి తెచ్చి, ఒక్కొక్కటే కొంగుదాకా విప్పి అతుకు లేదని చూపించసాగాడు. బస్సు దిగినవాళ్లు అంగడి ఎత్తేస్తున్నారనుకుని ఎగబడ్డారు. సగం ధరకే ఇస్తున్నారన్న కబురు చింతామణి బస్సెక్కి వెళ్లిపోయింది. గురురాజ ఒకరి చేతిలోంచి చీర లాక్కుంటూ, ఇవి అమ్మడానికి కాదని అరిచాడు. వ్యాపారంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

నమ్రతకు ఏడుపొచ్చింది. అదంతా తనవల్లేనని కుమిలిపోతుంటే, పక్కకొట్లో రవికలు కుట్టే తిమ్మక్క వచ్చి లాప్‌టాప్‌లోకి తొంగిచూసింది.

"దీన్ని నడిమికి కోసి, కుడిసగం ఎడంపక్క పెట్టు, ఎడంసగం కుడిపక్క పెట్టు. అంచులు వాటికవే కలుస్తాయి. అతుకు నడిమికొస్తాది, దాని మీద పువ్వు కప్పేయమ్మా. రవిక వీపుకు నేను చేసేది అదే గదా."

నమ్రత అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి అలాగే చేసింది. గీత మాయమైంది. ఆమెకు తిమ్మక్క కాళ్లకు మొక్కాలనిపించింది.

అప్పటికి సుబ్బలక్ష్మమ్మ నాలుగు మాటలు ముఖం మీదే అడిగి పోదామని, జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నమ్రత తెర చూపించింది. సుబ్బలక్ష్మమ్మ వేలితో కిందికి జరిపింది. ఇంకా జరిపింది. ఎంత జరిపినా అతుకు రాలేదు, చీర అయిపోనూ లేదు.

"ఇంత పొడుగున ఒక్క అతుకూ లేదే. మా వాళ్లందరికీ ఇదే కావాల."

"అమ్మా, అది చీర కాదు, బ్యాక్‌గ్రౌండు," అన్నాడు గురురాజ నిజాయితీగా.

"చీరే మామా," అంది నమ్రత. "మన అంగడిదే."

మధ్యాహ్నానికి పెళ్లివారి చీరలు మూటలు కట్టారు. ఎగబడ్డ జనం కూడా ఉత్తచేతులతో పోలేదు, అదీ పూర్తి ధరకే. వెబ్‌సైట్ మీద తనకు మొదటినుంచీ నమ్మకమేనని గురురాజ వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. నమ్రత కాదనలేదు, గెలిచినవాళ్లకు వాదించే తీరిక ఉండదు.

మరునాడు తిమ్మక్క బోర్డు మీద రవికలు, ఫాల్, జిగ్‌జాగ్ కింద ఇంకో వరుస చేరింది: వెబ్‌సైట్లకు అతుకులు సరిచేయబడును.