వెనకబడిన విద్యార్థులు కావలెను

కళాశాలలో వెనకబడిన విద్యార్థుల కొరత తీవ్రంగా ఉన్నట్టు ప్రిన్సిపాల్ గారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు సిబ్బంది సమావేశంలో అధికారికంగా ప్రకటించారు.

కొరత అంటే బొత్తిగా లేరని కాదు. చివరి బెంచీ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే నల్లబల్ల దాకా వాళ్లే. అయితే కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంఘం వారి దరఖాస్తులో ముప్పై మార్కుల గడి ఒకటి ఉంది: చేరినప్పుడు చదువులో వెనకబడి, ఇప్పుడు ముందున్న విద్యార్థులు ఎందరు? మనవాళ్లు వెనకబడి చేరి, మూడేళ్లూ మాట తప్పకుండా వెనకే ఉండిపోయారు. ముందున్నవాళ్లు పదకొండు మంది ఉన్నారు గానీ, ఖర్మ కాలి వాళ్లు చేరినప్పుడు కూడా తెలివైనవాళ్లే. ఇదొక సాంకేతిక లోపం. ఇలాంటివి సవరించడానికే ఆఫీసులో కంప్యూటరు ఉంది.

ఆ పదకొండు మందిలో మొదటిది దర్జీ కూతురు. మొదటి సంవత్సరం లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకుని, మిగతా రెండూ ఎక్కడ పోయాయా అని వారం రోజులు అన్నం సహించని పిల్ల. వేరే ఊరు పంపి చదివించే శక్తి తండ్రి కుట్టుమిషనుకు లేదు కాబట్టి, ఈ కాలేజీలోనే ఎమ్మెస్సీ చదవాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క ఆశ.

ప్రిన్సిపాల్ గారు ఆమెను గదికి పిలిపించి, కూర్చోమని కుర్చీ కూడా చూపించారు.

"చూడమ్మా, విద్యాసంస్థ తల్లిలాంటిది. తల్లి కోసం మొదటి సంవత్సరంలో ఒక్క సబ్జెక్టు తప్పలేవా?"

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "ఎమ్మెస్సీ సీటుకి మొదటి సంవత్సరం మార్కులు చూస్తారు కదా సార్?"

"పిచ్చిపిల్లా! ఇంకెక్కడో చేరేదానివైతే భయపడాలి. ఇక్కడ సీటిచ్చేది నేనే కదా!"

ఆమె నమ్మింది. సాయంత్రానికల్లా తొంభై ఎనిమిది కాస్తా పంతొమ్మిది అయింది. సంతకం పెట్టేటప్పుడు లెక్కల మాస్టారు కాగితం వంక చూడలేదని గిట్టనివాళ్లు అన్నారు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది.

తర్వాత ప్రత్యేక తరగతుల ఫొటోలు. పదకొండు మందినీ ముందు బెంచీల్లో సర్ది, మాస్టారు నల్లబల్ల మీద ఓ లెక్క మొదలుపెట్టారు. కంగారులో మూడో వరుస తప్పు వేశారు. దర్జీ కూతురు ఉండబట్టలేక చెయ్యెత్తింది.

"తెలిసినట్టు మొహం పెట్టకమ్మా, ఫొటో పాడైపోతుంది," అన్నాడు ఫొటోగ్రాఫరు.

రెండుసార్లు బట్టలు మార్చుకునే వ్యవధి కలుపుకుని, మూడేళ్ల తరగతులు నలభై నిమిషాల్లో పూర్తయ్యాయి.

సంఘం వచ్చిన రోజు ఆమె లేచి నిలబడి, "ఇక్కడ చేరేనాటికి నాకు కూడికలు కూడా సరిగ్గా వచ్చేవి కావండీ," అని అప్పజెప్పింది. అధ్యక్షులవారు కళ్లద్దాలు తుడుచుకుని, "మట్టిని బంగారం చేశారు!" అని కొనియాడారు. మట్టి తల వంచుకుని కూర్చుంది. కాలేజీకి అత్యున్నత గ్రేడు వచ్చింది.

గ్రేడు రాగానే, దానికి తగ్గట్టు ప్రమాణాలు కూడా పెరిగాయి. ఏ సంవత్సరంలోనైనా ఒక్క సబ్జెక్టు తప్పినవారికి సైతం ఎమ్మెస్సీలో ప్రవేశం లేదు. దర్జీ కూతురి దరఖాస్తు మూడో రోజున తిరిగొచ్చింది.

ఆమె పరుగున వెళ్లింది. ఈసారి కుర్చీ చూపించలేదు.

"మీరు మాటిచ్చారు కదా సార్! నా తొంభై ఎనిమిది నాకిచ్చెయ్యండి."

"ఇప్పుడు మార్కులు మారిస్తే సంఘాన్ని మోసం చేసినట్టు కాదూ?" ప్రిన్సిపాల్ గారు నిజంగానే నొచ్చుకున్నారు. "అలాంటి పనులు ఈ కాలేజీలో జరగవమ్మా."

ఆమె బయటికొచ్చింది. గేటు పక్కన ఆమె నిలువెత్తు బొమ్మ కట్టారు. కింద 'నాడు పంతొమ్మిది, నేడు ప్రథమ స్థానం' అని రాశారు. ఆ బొమ్మ కింద ప్రవేశాల వరుస. మీరూ నేనూ పిల్లల చెయ్యి పట్టుకుని నిలబడే వరుసే. అందులోంచి ఒకావిడ ఆమెను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుంది.

"ఆ బోర్డు మీదున్నది నువ్వే కదూ అమ్మాయ్? మావాడు లెక్కల్లో స్కూలు ఫస్టు. వాణ్ని కూడా నీ అంతవాణ్ని చేస్తారంటావా?"

దర్జీ కూతురు ఆ పిల్లాడి వంక చూసింది. "ఇక్కడ వద్దండీ," అంది. "వాడికి లెక్కలొచ్చు. ఇంకెక్కడైనా చేర్పించండి."

ఆవిడ చెయ్యి వదిలేసి, వెనకనున్న భర్తతో అంది: "చూశారా? తనకి సీటొచ్చేసింది కదా, ఇంకొకళ్లు బాగుపడితే ఓర్వలేదు."

వరుస ఒక అడుగు ముందుకు జరిగింది.