నిదానం పరిగెత్తి తీరాలి

"నా కంఠంలో ప్రాణం ఉండగా మహిళా క్రీడల మీద ఈగ వాలనివ్వను" అని క్రీడల మంత్రిగారు ప్రకటించారు. అంత మాట అన్నాక మైదానానికి రాక తప్పలేదు. పదవి చేపట్టాక ఇదే తొలి రాక కాబట్టి, కారు తిన్నగా రన్నింగ్ ట్రాక్ మీదే ఆపించారు.

మంత్రిగారే ఎదురుగా వచ్చేసరికి కోచ్ మేడమ్‌కి కడుపు నిండిపోయింది. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదికి తలుపు పెట్టించమని ఆవిడ తిరగని ఆఫీసు లేదు. పిల్లలు ఇప్పటికీ ఒకరికొకరు దుప్పటి అడ్డం పట్టుకుంటున్నారు. పైకప్పు సంగతి ఆవిడ అడగడం కూడా మానేసింది.

"మీ టీములో ట్రాన్స్‌జెండర్ అమ్మాయి ఉందట కదమ్మా" అన్నారు మంత్రిగారు గొంతు తగ్గించి.

"ఉందండి. మేం నిదానం అని పిలుస్తాం."

"అన్నిట్లో ఫస్టా?"

"మొన్న ఎనిమిది మందిలో ఆరోదండి."

మంత్రిగారి ముఖం చిన్నబోయింది. "పర్లేదు, కష్టపడమనండి" అన్నారు.

"గదికి తలుపు కూడా లేదండి" అంది మేడమ్, సందు చూసుకుని. మహిళల మర్యాద మీద మంత్రిగారు అక్కడికక్కడే ఉపన్యసించారు. సాయంత్రానికల్లా తలుపు వచ్చింది.

మర్నాడు ప్రతిపక్ష నాయకుడు వచ్చి, నిదానానికి అన్యాయం జరిగితే వీధుల్లోకి వస్తామన్నాడు. వీధుల్లోకి వచ్చే ముందు మంచినీళ్ల కుళాయి పెట్టించమంది మేడమ్. పెట్టించాడు. అది చూసి మంత్రిగారు పైకప్పు పని మొదలుపెట్టించారు. రాత్రి టీవీలో ఎంత గట్టిగా అరుచుకుంటే, పొద్దున మైదానం అంత బాగుపడేది.

ఈలోగా నిదానం ఆడపిల్లలతో కలిసి పరిగెత్తవచ్చా అని తేల్చడానికి విచారణ కమిటీ వచ్చింది. అందరూ మగవాళ్లే. మొన్న నాలుగోదిగా వచ్చిన అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, నాకు నిజంగానే ఒక అనుమానం ఉంది. డాక్టర్లు ఏమంటున్నారో..."

"మధ్యలో నువ్వెందుకమ్మా? మహిళల సమస్య మాట్లాడుతున్నాం కదా" అన్నాడు చైర్మన్.

ఆ సాయంత్రం నిదానం బూట్లు విప్పి మేడమ్ పక్కన కూర్చుంది. "నేను మానేస్తాను మేడమ్. అందరూ నా గురించి మాట్లాడేవాళ్లే, నాతో మాట్లాడేవాళ్లు లేరు. పరుగంటేనే విసుగొస్తోంది."

మేడమ్ సగం వేసిన పైకప్పు వైపు ఒకసారి చూసి, చూసినందుకు సిగ్గుపడింది. "నీ ఇష్టం తల్లీ" అంది. మనస్ఫూర్తిగానే అంది.

కబురు తెలిసిన మంత్రిగారు, ప్రతిపక్ష నాయకుడు పరిగెత్తుకొచ్చారు. తొందరలో ఇద్దరూ ఒకే కారులో దిగారు.

"నువ్వు మానేస్తే మేం మహిళల్ని ఎవరి నుంచి కాపాడాలమ్మా?" అన్నారు మంత్రిగారు.

"మేం ఎవరి కోసం పోరాడాలి? ఎన్నికల దాకా పరిగెత్తు తల్లీ" అన్నాడు నాయకుడు.

నిదానం నవ్వు ఆపుకుంది. "ముందు దీని అనుమానం వినండి. తర్వాత నా మాట వినండి. పైకప్పు పూర్తయ్యాక ఆలోచిస్తాను" అంటూ నాలుగో అమ్మాయిని ముందుకు తోసింది.

ఇద్దరూ ఒకేసారి వాచీలు చూసుకున్నారు. వాళ్లకు వేరే మీటింగులున్నాయి. పైకప్పు మాత్రం వారంలో పూర్తయింది.

నిదానం మళ్లీ పరిగెత్తింది. ఏడోదిగా వచ్చింది. గదిలో అమ్మాయిలంతా తలుపేసుకుని ఆమెను ఏడిపిస్తుంటే, బయట మేడమ్ ఫోన్ మోగింది. ఊరవతల షటిల్ కోచ్‌గా పనిచేసే చెల్లెలు.

"అక్కా, మీ నిదానాన్ని ఒక్క సీజన్ మాకు పంపవే. మా కోర్టు కప్పు కారుతోంది."

"దానికి రాకెట్ పట్టుకోవడం కూడా రాదే."

"పట్టుకోవక్కర్లేదే. పేరిస్తే చాలు."