మంత్రిగారి హామ్ లైసెన్సు

ఏడాదిలో పదివేల మంది కొత్త హామ్ రేడియో ఆపరేటర్లను తయారుచేస్తామని ఉపమంత్రి మూర్జాబెక్ గారు మా నారిన్ పట్నంలో ప్రకటించారు. అప్పటికి మా రేడియో క్లబ్బులో సెట్టులో మాట్లాడే లైసెన్సు ఉన్నవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ కలిపి పళ్లు ఇరవై దాటవు. వాళ్లకు టీ కాచిపెట్టేవాణ్ణి నేను. ఇంత దూరం చూడగల నాయకుడు దొరకడం మా అదృష్టమని ఆ రోజే అనుకున్నాను.

కుర్రకారు రాకపోవడానికి కారణం పరీక్షేనని ఆయన ఇట్టే పట్టేశారు. యాంటెన్నాలు, సర్క్యూట్లు, సెట్టు వాడే పద్ధతి పిల్లల్ని బెదరగొడుతున్నాయట. అవన్నీ తీసేయించి 'మన రేడియో రంగ ప్రగతి' అని ముప్పై ప్రశ్నలు పెట్టించారు. ప్రగతి అంతా ఆయన హయాంలోదే.

ఆ పరీక్షకు వచ్చింది ఒక్క బెర్మెట్. కనుమ అవతలి ఊళ్లో కాన్పులు చేసే నర్సు. మంచు పడితే అక్కడ ఫోన్లు పనిచేయవు, డాక్టర్ని అడగాలంటే రేడియో ఒక్కటే దారి. పోయిన చలికాలం అడిగే దారి లేక ఒక తల్లి ఆమె చేతుల్లోనే పోయింది. అందుకని పాత పుస్తకాలన్నీ నమిలేసి వచ్చింది. మంత్రిగారు టవరుకు రిబ్బన్ కత్తిరించిన తేదీ దగ్గర పరీక్ష తప్పింది.

"సర్క్యూట్లు అడగండి సార్, చెబుతాను," అంది.

"అవి భయపెడతాయమ్మా. నిన్ను భయపెట్టడం నాకిష్టం లేదు," అన్నారు మంత్రిగారు. ఆయన మనసు వెన్న.

యువతకు ఆదర్శంగా ఉండాలని ఆయన తనకు తానే ఫస్ట్ క్లాస్ లైసెన్సు ఇచ్చుకున్నారు. పరీక్ష రాయలేదు. ప్రగతికి పరీక్షేమిటి?

మార్చిలో చేతి సెట్టు పట్టుకుని ఒక్కరే కారు నడుపుకుంటూ హామ్ రేడియో ప్రచారానికి బయలుదేరారు. మధ్యాహ్నం కనుమ మీద మంచు జారి కారు కూరుకుపోయింది. మా ఆపరేటర్లు ముగ్గురూ ఆయన విందుకు కోసిన గొర్రె దగ్గరున్నారు. క్లబ్బులో ఉన్నది నేనూ, మళ్లీ పరీక్ష పెట్టమని అర్జీ తెచ్చిన బెర్మెట్టూ. సెట్టులో మంత్రిగారి గొంతు ఖంగుమంది.

"నేను ఉపమంత్రిని. పాత వాతావరణ కేంద్రం పక్కన మంచులో ఉన్నాను. పలకండి. ఏం, ఒక్కరూ పలకరేం?"

బెర్మెట్ మైకు అందుకుంది. లైసెన్సు లేదు కదమ్మా అన్నాను.

"మనిషి గడ్డకట్టి చస్తుంటే లైసెన్సేంటి తాతా," అని బదులు పలికింది. ఆ పిల్లను చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

ఆయనకు మాత్రం వినపడలేదు. బటన్ నొక్కితే మనం మాట్లాడాలి, వదిలితే అవతలివాళ్లది వినాలి. ఆయన నొక్కింది వదల్లేదు. బటన్ వదలండి సార్ అని ఆమె రేడియోలో చెబుతూనే ఉంది, చెప్పిన ప్రతిసారీ నేను క్లబ్బు పుస్తకంలో రాస్తూనే ఉన్నాను. ఆయన నలభై నిమిషాలు తిట్టారు, బతిమాలారు, ప్రగతి గురించి కూడా రెండు ముక్కలు చెప్పారు. ఈలోగా ఆమె రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేసి చోటు చెప్పింది. మంచు తీసే బండి వెళ్లి ఆయన్ను క్షేమంగా దించింది.

మర్నాడు పత్రికలో రెండు వార్తలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి మంత్రిగారి ఆవేదన: నలభై నిమిషాలు పిలిచినా ఒక్క యువ గొంతూ పలకలేదు, కాబట్టి పరీక్షను ఇంకా తేలిక చేస్తున్నాం. రెండోది ఉత్తర్వు. మంత్రిగారు పిలుస్తుండగా లైసెన్సు లేకుండా ముప్పై ఏడుసార్లు బదులు పలికినందుకు బెర్మెట్ మూడేళ్లపాటు పరీక్షకు కూర్చోరాదు. కింద సంతకం మూర్జాబెక్ గారిదే.