స్టీమ్‌పంక్‌కు మా షెడ్డే రాజధాని

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: విగ్రహాలు చెక్కే నాయన, టీ పెట్టే అమ్మ, టీ బాగాలేదని చెప్పే జేజి ఉమామహేశ్వరమ్మ, మెషిన్ పట్టే అన్న సురేంద్ర, జనరేటర్ బాగు చేయడానికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మెకానిక్ మహబూబ్ మామ, ఇంకా కళ్లు లేని సుంకులమ్మ. నేనూ ఉన్నాను గానీ నన్ను లెక్కలో వేసుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. నిజంగా లేనిది ఒక్క కరెంటే.

కరెంటు లేదని మా మీద జాలిపడుతున్నారా? ఆగండి. కరెంటు కోతను మించిన వరం మన జిల్లాకు ఇంతవరకు రాలేదు, ఇకముందు రాదు కూడా! లోకమంతా కోట్లు తొడుక్కొని వెతుక్కుంటున్న ఒక గొప్ప నాగరికతను మన కరెంటాఫీసు వారు ఇంటింటికీ ఉచితంగా పంచుతున్నారు. దాని పేరు స్టీమ్‌పంక్.

అదేమిటో నాకూ మొన్నటిదాకా తెలియదు. ఇంటర్ మార్కులు చూసుకోవడానికి నంద్యాలలో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను. మార్కులు చూసుకున్నాక కూడా దుడ్లు కట్టిన గంటలో చాలా భాగం మిగిలింది. దుమ్ము పడకుండా అన్న పెట్టుకునే గాగుల్స్ పగిలిపోయాయి, కొత్తవి ఎట్లాంటివి దొరుకుతాయో చూద్దామని వెతికాను. రాళ్లు కొట్టేవాళ్ల గాగుల్స్ రాలేదు. ఒక అమ్మాయి వచ్చింది.

ఆమె నెత్తిన పొడుగు టోపీ, టోపీ చుట్టూ ఇత్తడి పళ్లచక్రాలు, నుదుటి మీద గాగుల్స్, నడుముకు తోలు పట్టీ, పట్టీ నిండా పనిముట్లు. చేతిలో సుత్తి. ఆ సుత్తిని ఎవరూ ఆమె చేతిలోంచి లాక్కోవడం లేదు. నేను చాలాసేపు ఆ బొమ్మనే చూశాను.

తర్వాత నంద్యాలకు పోయినప్పుడల్లా నోట్సు పేరు చెప్పి అదే చదివాను. సంగతి ఇది. కరెంటూ పెట్రోలూ మనిషికి దొరక్కుండా, ఆవిరి యంత్రమే ఇప్పటికీ రాజ్యమేలుతూ ఉంటే ఎట్లా ఉండేది? అట్లాంటి లోకాన్ని ఊహించి నవలలు రాస్తారు. వాటిలో ఓడలు మేఘాల మీద పోతాయి, ఇత్తడి ఏనుగులు వీధుల్లో నడుస్తాయి, లెక్కలు చేసే యంత్రం పూటకో గంపెడు బొగ్గు తింటుంది. చదివినవాళ్లు చదివి ఊరుకోరు. కంప్యూటర్‌కు ఇత్తడి మీటలు బిగిస్తారు. గడియారాలు విప్పి ఆ చక్రాలతో కమ్మలు చేసుకుంటారు. పాత పైపులతో, రివెట్లతో బొమ్మలు చేసి కళ అంటారు. ఏడాదికోసారి ఒక ఊళ్లో కలిసి, మనల్ని ఏలిన ఇంగ్లండు రాణి కాలంనాటి బట్టలేసుకొని, మొహాలకు మసి పూసుకొని ఊరేగుతారు.

నేను ఈ బొమ్మలు ప్రింటు తీయించుకుంటుంటే సెంటర్ నడిపే ఇంతియాజ్ అన్న తొంగి చూశాడు. "ఈ పాత సామాన్లు చూసేకి నంద్యాల దంకా వచ్చినావా పాపా? మా మామకు గుజిరీ అంగడి ఉండాది. పో, కడుపునిండా చూసిరా," అన్నాడు. స్టీమ్‌పంక్ మీద ఇంతకంటే లోతైన విమర్శ నాకు ఇంటర్నెట్‌లో కూడా దొరకలేదు.

నా బాధంతా ఆ విదేశీయుల గురించే. వాళ్ల ఊళ్లలో కరెంటు పోదట! మరి కరెంటు లేని లోకాన్ని ఎట్లా ఊహించాలి? కళ్లు గట్టిగా మూసుకోవాలి, నవలలు చదవాలి, కోటు కుట్టించుకోవాలి. ఎంత శ్రమ! మనకా కష్టం లేదు. పేపర్లో వేసిన వేళకు ఠంచనుగా పోయి, పేపర్లో వేసిన వేళకు మాత్రం రాని కరెంటు మనది. అది పోగానే మా ఇల్లు ఒక్క ఊపులో నూరేళ్లు వెనక్కి పోతుంది. టైమ్ మెషిన్‌కు కూడా అంత పికప్ ఉండదు.

హీటర్ ఆగుతుంది, పెరట్లో రాగి బాయిలర్ లేస్తుంది. దాని నడుమ గొట్టం, గొట్టంలో నిప్పులు, పక్కన ఇత్తడి కొళాయి. ఇట్లాంటి దాని బొమ్మను విదేశంలో ఒకాయన హాల్లో పెట్టుకొని పక్కన నిలబడి ఫోటో దిగాడు. మేము దాంతో స్నానం చేస్తాం. గ్యాసు బండ అయిపోయిన రోజున జేజి కిరోసిన్ స్టవ్‌ను మంచం కింద నుంచి లాగి, పిన్ను పెట్టి పొడిచి, పంపు కొట్టి, బుస్సుమనిపిస్తుంది. ఇత్తడి పొట్ట, మూడు కాళ్లు, నీలం మంట. ఆకాశనౌకకు ఇంజను ఇదేనని ఎవరైనా చెబితే నేను నమ్ముతాను.

స్టీమ్‌పంక్ గురించి జేజికి కూడా వివరించాను. పెద్దవాళ్ల అభిప్రాయం లేకుండా పరిశోధన పూర్తి కాదు కదా. ఆమె మసి పూసుకున్న తెల్లదొర బొమ్మను కొంచెం దూరంగా పట్టుకొని చూసింది.

"మేము పొగబండెక్కి గిద్దలూరుకు పోయొస్తే మొగమంతా మసే. ఇంటికొచ్చి సీకాయేసి తోముకుంటాంటిమి. దుడ్లిచ్చి పూసుకునేటోళ్లు గూడా ఉండారా?" అంది.

ఉన్నారు జేజీ. దుమ్ము కోసం కూడా దుడ్లిచ్చేవాళ్లు ఉన్నారు. బట్టలు కొత్తగా కనబడకూడదని వాటి మీద కొట్టుకునే పొడి డబ్బాల్లో అమ్ముతారట. వాళ్లు ఒక్కసారి మా షెడ్డుకు రావాలి! రాయి కోసే బ్లేడు తిరిగితే మా నాయన తల నుంచి కాలి దాకా తెల్లగా అయిపోతాడు. ఆ పొడి కడిగితే పోయేది కాదు, ఛాతీలో కూడా నిలవ ఉంటుంది. రాత్రి దగ్గు రూపంలో బయటికి వస్తుంది. అంత నాణ్యమైన సరుకు ఏ డబ్బాలోనూ దొరకదు. ఇక వేషం సంగతి. మా అన్న మెడలో పగిలినవాటి బదులు కొన్న కొత్త గాగుల్స్, ముక్కుకు తువ్వాలు, చేతిలో గాలితో కొట్టే ఉలి మెషిన్, వెనకాల పాములాగా కంప్రెసర్ పైపు. పక్కన పొగ కక్కుతూ జనరేటర్. ఊరేగింపులో మొదటి బహుమతి ఎవరికి రావాలో మీరే చెప్పండి.

ఈ యంత్రాలన్నీ షెడ్డులోకి ఎట్లా వచ్చాయన్నది కూడా తెలుసుకోదగ్గ చరిత్ర. మా ఇంట్లో శాస్త్రం చాలా గట్టిది. శాస్త్రంలో లేనిది షెడ్డు గడప దాటకూడదు. అయితే చైనా గ్రైండర్ వచ్చినప్పుడు శాస్త్రం కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. కంప్రెసర్ వచ్చినప్పుడు ఇంకొంచెం జరిగింది. డీజిల్ జనరేటర్ వచ్చిన రోజు జేజి దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. అది ఒక దగ్గు దగ్గి, అందరి మీదా నల్లపొగ వదిలి ఆశీర్వదించింది. ఇన్నింటికి చోటిచ్చిన శాస్త్రం నా దగ్గరికి వచ్చేసరికి గోడకు ఆనుకుపోయింది. ఇంక జరగడానికి చోటు లేదట. ఆడపిల్ల ఉలి పట్టకూడదు.

అట్లాగని నాకు పని రాదనుకోకండి. మా ఊరి బడికి సెలవులొస్తే పిల్లలంతా ఆటలకు పోయేవాళ్లు. నలుగురిలోకి పోవాలంటే నాకు బెరుకు. షెడ్డు వెనక పారేసిన రాతిపెళ్లల మీద నాయన అరిగిపోయిన ఉలితో ఆకులూ చేపలూ చెక్కుకుంటూ కూర్చునేదాన్ని. ఆట కాబట్టి ఎవరూ వద్దనలేదు. అన్న ఆ వయసులో క్రికెట్ ఆడి, తర్వాత చేతి ఉలి జోలికి పోకుండా నేరుగా మెషిన్ పట్టాడు.

ఇంకొక్క సంగతి చెబితేగానీ ఆనాటి కథ అర్థం కాదు. మా పనిలో విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారు. అంతవరకు కంటి చోట నున్నటి ఉబ్బు మాత్రమే ఉంటుంది. మంచి గడియ చూసి, తలుపు మూసి, చెక్కేవాళ్లు తప్ప ఎవరూ లేకుండా కంటిపాపలు తీరుస్తారు. అమ్మవారి మొదటి చూపు అమ్మవారి మీదే పడాలని ఎదురుగా అద్దం నిలబెడతారు. నాయన కుడికంట్లో ఒకసారి రాతిపెళ్ల పడింది, అప్పటి నుంచి సన్నగీత ఆయనకు రెండు గీతలై కనబడుతుంది. అందుకని కంటి గీతలు కావితో గీసే పని నాకు వచ్చింది. గీయవచ్చు, చెక్కకూడదు. కావి తుడిస్తే పోతుంది కాబట్టి శాస్త్రం ఒప్పుకుంది. ఆ గీతల వెంట అన్న మెషిన్ మొన పోనిస్తాడు. నాకు కావలసింది మాత్రం ఒకటే. ఒక్క విగ్రహానికైనా కళ్లు నేను తెరవాలి.

ఇప్పుడు ఆ రోజుకు వద్దాం. పాణ్యం దగ్గరి పల్లె నుంచి పెద్దమనుషులు పొద్దుగూకేలోపు ట్రాక్టర్‌తో వస్తారు. మరునాడు గుడిలో ప్రతిష్ఠ. సుంకులమ్మ అమ్మవారి విగ్రహానికి ముక్కు, పెదవులు, కళ్లు మిగిలాయి. పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. జనరేటర్ అంతకుముందు రోజే చచ్చిపోయింది. మహబూబ్ మామ దాని పేగులన్నీ గోనెసంచి మీద పరిచాడు. అన్న గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తుకొని, చల్లబడిన కంప్రెసర్ మీద కూర్చున్నాడు.

"ఏం సురేంద్రా, కరెంట్ పోతే నీ చెయ్యి గూడా పోయిందా?" అన్నాడు మహబూబ్ మామ.

"ముందు నీ జనరేటర్ సంగతి చూడు మామా."

"నాది కాదప్పా, మీదే. నాదైతే ఎప్పుడో గుజిరీకేసుంటి."

నాయన విగ్రహం మొహం తడిమి చూశాడు. ఎండ ఎంత దిగిందో చూశాడు. అన్నను చూశాడు. చివరికి, చూడడానికి ఇంకేమీ మిగలక, నన్ను చూశాడు.

"రామ్మే. పైరెప్ప దంకా చెయ్యి," అన్నాడు.

పాఠకులారా, కరెంటు కోత మహిమ చూశారా? గ్రైండర్ ఆగిపోయింది, కంప్రెసర్ ఆగిపోయింది, జనరేటర్ సంచి మీద పడుకుంది. అవన్నీ లేచి పక్కకు తప్పుకునేసరికి శాస్త్రం పక్కన నేను పట్టేంత చోటు ఖాళీ అయింది! నేను లోపలికి పోయి చేతి ఉలి అందుకున్నాను.

ముక్కు కొన తేల్చాను. పెదవుల మధ్య గీత దింపాను. షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎన్నడూ వినలేదు. ఉలి మీద సుత్తి పడే చప్పుడు, మధ్యలో నాయన దగ్గు, అంతే. రెప్పల దగ్గరికి వచ్చాక ఆయన నా వెనక నిలబడి, ఉలి చప్పుడు విని "తేలిగ్గా" అనో "ఇంగొంచెం" అనో అంటున్నాడు. కింది రెప్ప వచ్చింది. పైరెప్ప వచ్చింది, తమలపాకు అంచంత పలచగా. జేజి గడప బయట నుంచి తొంగి చూసి ఏమీ అనకుండా పోయింది. జేజి ఏమీ అనకపోవడం మా ఇంట్లో సన్మానం కింద లెక్క.

ఇంక నేను కావితో గీసిన కంటిపాపలు చెక్కడం మిగిలింది. వద్దని నాయన అనలేదు. నేను అడగలేదు. అడిగితే ఆయనకు శాస్త్రం గుర్తొస్తుందని భయం.

అప్పుడే బయట ట్రాక్టర్ ఆగింది. ఆ పల్లె పెద్ద ఆదెన్న అనే ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అమ్మవారికి దండం పెట్టుకొని, నన్ను చూశాడు.

"ఈ పాప ఏం చేస్తాంది ఈడ?"

"నీళ్లు సల్లేకి వచ్చిందిలేప్పా," అన్నాడు నాయన. "దుమ్ము లేస్తాది గదా."

నా చేతిలో ఉలి ఉంది. ఆ దరిదాపుల్లో చెంబు కూడా లేదు. మహబూబ్ మామ తలెత్తి నాయనను చూసి, నన్ను చూసి, మళ్లీ జనరేటర్ మీదికి వంగాడు.

సరిగ్గా అప్పుడు ఆ దుర్ఘటన జరిగింది. కరెంటు వచ్చింది.

ఫ్యాను తిరిగింది. కంప్రెసర్ గుర్రుమంది. వాకిట్లో ఉన్నవాళ్లంతా సంతోషంగా అరిచారు. కరెంటాఫీసు వారికి నా మనవి ఒక్కటే. రోజంతా తీసినవారు ఇంకొంచెంసేపు తీయలేకపోయారా? పంటలు ఎండినా, పరీక్షలు పోయినా మీరు చలించలేదే, ఆ పూటే ఎందుకయ్యా అంత దయ? దూరదేశాల అమ్మాయిలకు సుత్తి పట్టడానికి ఊహాలోకం ఉంది. నాకు మీ కోత తప్ప ఇంకేముంది?

"నువ్వు బయటికి పో పాపా," అన్నాడు నాయన. నా వైపు చూడకుండా అద్దం తుడుస్తున్నాడు. "కండ్లు తెరిచే పని."

ఆదెన్న వాళ్లతో, మహబూబ్ మామతోపాటు నేనూ బయటికి వచ్చాను. వెనక తలుపు పడింది. వాళ్లు వేపచెట్టు కింద కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చింది. నేను ఉలి చేతిలో పట్టుకొనే తలుపు దగ్గర నిలబడ్డాను. మెషిన్ చప్పుడు మొదలైంది. వెంటనే ఆగిపోయింది. లోపల నాయన, అన్న ఏదో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

తలుపు జానెడు తెరుచుకుంది. సందులో అన్న మొహం.

"రెప్ప మరీ సన్నగా చేసినావు గదే. మెషిన్ పెడితే పెచ్చు లేస్తాది. ఆ ఉలి ఈడియ్యి."

ఇచ్చాను. వాడు కదల్లేదు. వేపచెట్టు వైపు ఒకసారి చూసి గొంతు ఇంకా తగ్గించాడు.

"ఎంత లోతు పోవల్ల?"

"గోటి మందం," అన్నాను. "ఎడమ కన్ను ముందు."

అన్న గాగుల్స్ కళ్ల మీదికి దించుకొని తలుపు వేసుకున్నాడు.